చెరువుమట్టి చేనూ, మండలం సగటూ

మా ముత్తాత సుబ్బరాయప్ప, తాత వెంకటరమణప్ప జమ్మలమడుగు తాలూకాలో కరణాలు. పదహారణాలు నిండు పంట లెక్క; తాత గట్టు మీద నిలబడి చేను చూసి "ఆరణాల పంట" అంటే, ఆ ఏటి శిస్తు మాఫీ ఆ మాట మీదే తేలేది. ఆ పదవులు రద్దయ్యాక మాకు మిగిలింది ఇంటి పేరూ, అవ్వ తరఫున వేముల మండలంలో వచ్చిన కొంత మెట్టా. దాన్ని తమ్ముడు సాగు చేసేవాడు. తొంభైల చివర్లో ఒక ఖరీఫ్‌కు ముందు నన్ను సహాయ గణాంకాధికారిగా ఆ మండలానికే వేశారు.

వేరుశనగ పంటకోత ప్రయోగాలు నా బాధ్యత. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఏ సర్వే నంబరు చూపితే ఆ చేనులో, ఏ చోటు చూపితే ఆ చోట, ఐదు మీటర్ల చదరపు మడి తాడుతో వేసి, చెట్లు పీకి కాయలు తూచాలి. బీమాకు మండలమంతా ఒకే యూనిట్. మడులన్నిటి సగటు, పథకం ముందే ఖరారు చేసిన హామీ దిగుబడి కంటే తగ్గితేనే రైతులకు పరిహారం.

ఆ ఏడు వాన లేదు. పట్టిక చూపిన ఒక నంబరు మాత్రం చెన్నప్ప చేను. చెరువుమట్టి తోలించినందువల్ల చుట్టూ ఎండినా అది పచ్చగా ఉంది. చెన్నప్ప ఊళ్లో ఒక పార్టీకి పెద్ద, తిమ్మన్న రెండో పార్టీకి. ఎన్నికల్లో బాంబులు పడ్డప్పటి నుంచి ఒకరి వీధిలో ఒకరు నడిచేవారు కారు. కోత రోజు ఇద్దరూ కలిసి వచ్చారు.

"సామీ, నా చేను ఊరందరికీ శత్రువైంది. దీన్ని వదిలేసి పక్కది కోయి," అన్నాడు చెన్నప్ప.

"ఈయప్ప మాటకు నేను సరే అనడం ఇదే మొదలు," అన్నాడు తిమ్మన్న. "మీ తాత గట్టు మీద్నుంచే చెప్పేటోడు. నువ్వేంది, తాళ్లు, మేకులు! మీ తమ్ముని చేనూ ఈడే ఉండాది గదా. నీ కడుపు నువ్వే కొట్టుకుంటావా?"

ఆ చేనులో వేరుశనగ వేయకుంటే తప్ప మార్చడానికి నిబంధన లేదన్నాను. కొన్ని మడులు కోస్తే ఒక సగటు వస్తుంది. అదే పద్ధతిలో వేరే మడులు కోస్తే మరో సగటు. అలా వచ్చే సగటులు అసలు దిగుబడికి అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలతే ప్రామాణిక దోషం. పట్టిక ఎంచితేనే దాన్ని లెక్కకట్టగలం. పంట చూశాక మనిషి ఎంచితే ఆ సగటు ఎంత తప్పో చెప్పే దారే ఉండదు.

"అట్లయితే ఈ ఒక్క చేను అందరి నెత్తినా కూర్చుంటాందే!" అన్నాడు చెన్నప్ప.

నిజమేనన్నాను. మడులు తక్కువైతే ఒక్కదాని బరువు ఎక్కువ. నాలుగింతల మడులు కోస్తే దోషం సగమవుతుంది.

"మరి కోయి! ఎవరొద్దన్నారు?" అన్నాడు తిమ్మన్న.

మడుల సంఖ్యను విత్తుకు ముందే జిల్లా కార్యాలయం నిర్ణయిస్తుందని చెప్పి, మేకులు పాతించాను.

మండలం సగటు హామీ దిగుబడిని కొద్దిగా దాటింది. ఆ తేడా ప్రామాణిక దోషం కంటే చిన్నది. అంటే, ఆ సగటును బట్టి పంట నిలిచిందనీ చెప్పలేం, పోయిందనీ చెప్పలేం. ఎవరూ అడగకపోయినా నివేదికలో ఆ సంగతి రాశాను. పథకం సగటునే చూస్తుందని పైఅధికారి బదులిచ్చారు. పరిహారం రాలేదు.

సగటును దాని దోషంతో కలిపి చదవాలి. దోషం ఎక్కువనిపిస్తే మడులు పెంచమని విత్తుకు ముందే అడగాలి. పంట చూశాక మడి మార్చకూడదు. మరుసటి ఏడు అడిగాను, కొన్ని పెంచారు.

అప్పటికే, పరిహారం రాని ఆ వేసవిలో, తమ్ముడు విత్తనాల అప్పు కింద అవ్వ మెట్టను అప్పిచ్చిన తిమ్మన్నకే అమ్మేశాడు.