మగ్గాల చప్పుడు వినని రేడియో

నాకు ముక్కు మీద కోపం, చేతుల మీద నమ్మకం. రెండూ కాస్త ఎక్కువేనని మా ఇంట్లో వాళ్లంటారు. తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపినదాన్ని. ఏ పరికరమైనా నా ముందు ఎక్కువసేపు మొరాయించలేదని నా ధీమా. ఆ ధీమాతోనే ఒక దసరా నాడు, ఒళ్లో రేడియో పెట్టె పెట్టుకుని నగరి బస్సెక్కాను.

నగరిలో ఉండే ఆయన్ని నేను అన్నా అని పిలుస్తాను. నేత కుటుంబం. ముప్పై దాటాక చూపు పూర్తిగా పోయింది. ఆ తరవాతే హామ్ రేడియో పట్టుకున్నాడు. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని, గాలిలో ఒకరితో ఒకరం మాట్లాడుకునే సరదా అది. మా వైపు హామ్‌లందరం ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుస్తాం. దాన్ని నెట్ అంటాం. అందరూ ఒకేసారి నోరు తెరిస్తే సంతవుతుంది కాబట్టి, ఒకరు పెద్దరికం వహించి వరసగా ఒక్కొక్కరినీ పిలవాలి. పదకొండేళ్లుగా అలా పిలిచే గొంతు అన్నదే.

ఆ ఏడు వానల్లో పిడుగు పడి ఆయన పాత సెట్టు మాడిపోయింది. నాలుగు ఆదివారాలు మదనపల్లె నుంచి మాట్లాడే ఒక హామ్ నెట్ నడిపించాడు. నడిపించి ఊరుకున్నాడా, "అన్నకు పాపం విశ్రాంతి ఇద్దాం, ఇంక నేనే సూసుకుంటా" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. మర్నాడు అన్నే ఫోన్ చేశాడు.

"వచ్చే ఆదివారం నేను తెరవకపోతే ఇంక నన్ను అడగరు మా. మర్యాదగా మాట్లాడతారు, మర్యాదగా పక్కన కూసోబెడతారు" అన్నాడు.

"ఆదివారం ఆరింటికి నువ్వే తెరుస్తావన్నా. నాది పూచీ" అన్నాను.

నేను తీసుకెళ్తున్నది కొత్త రకం సెట్టు. పాత రేడియోలో లోపలి భాగాలు చేసే పని ఇందులో చాలావరకు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేరే చేస్తుంది. పెట్టె అరచేతి కంటే కొంచెం పెద్దది. మీటలు లేవు, ముల్లు లేదు, అంతా తెర మీదే. కళ్లు లేని మనిషికి తెరతో ఏం పని? అందుకని తిప్పడానికి విడిగా ఒక గుండ్రటి మీట తగిలించాను. దాన్ని తిప్పినప్పుడల్లా కంప్యూటరే ఫ్రీక్వెన్సీని పైకి చదివేలా అమర్చాను. ఆ వారమంతా కాలేజీ అయ్యాక ల్యాబ్‌లోనే కూర్చుని ఈ పని చేశాను. శుక్రవారం అంతా పూర్తయింది. ల్యాబ్ మిద్దె మీది యాంటెన్నాకు కలిపితే కొలంబో వాళ్ల మాటలు కూడా శుభ్రంగా వినిపించాయి. శనివారం కాలేజీలో ఆయుధపూజ. ఆదివారం పండగ, మా నెట్, నా ప్రయాణం, మూడూ ఒకే రోజున పడ్డాయి.

రెండు గంటలకు అన్న ఇంటికి చేరాను. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు దడదడలాడుతున్నాయి. వాటిని నడిపేది వదిన. పూజ నాడు ఆపిన మగ్గాన్ని దశమి నాడు ఆడించి తీరాలని వాళ్ల పట్టింపు. నన్ను చూసి చేత్తోనే లోపలికి పొమ్మంది. ఆ చప్పుడులో మాట వినపడదు.

వెనక గదిలో బల్ల మీద పెట్టె పెట్టాను. మిద్దె మీంచి దిగిన యాంటెన్నా వైరు తగిలించాను, కంప్యూటర్‌కు కలిపాను. తెర మీద నీలి రంగు పైనుంచి కిందికి జారుతోంది. ఎవరైనా మాట్లాడితే అందులో పసుపు గీత పడాలి. పడలేదు. స్పీకర్‌లో సన్నగా గాలి ఈలవేసినట్టు ఒక చప్పుడు, అంతే.

"ఏం మా, పలకలా?" అన్నాడు అన్న, కుర్చీలో ముందుకు వంగి.

"పలుకుతుందన్నా, ఐదు నిమిషాలు."

ఐదు నిమిషాలు గంటయింది. కంప్యూటర్‌లో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. కంప్యూటర్‌లో శబ్దం ఎటునుంచి ఎటు పోవాలో చెప్పే సెట్టింగులన్నీ మార్చి చూశాను. యూఎస్‌బీ వైరు మార్చాను. చివరికి నా తప్పు కాదని తేల్చుకుని, మగ్గాల మీద పడ్డాను. మోటార్ల నుంచి వచ్చే కరెంటు గోల రేడియోను ముంచేస్తుంది, అది అందరికీ తెలిసిందే. ముందు గదిలోకి వెళ్లి వదినను మగ్గాలు ఆపమన్నాను.

"పండగ పూట మగ్గం ఆపమంటావా? ఏం మాట మా అది?" అంది వదిన. చెయ్యి మాత్రం స్విచ్చు మీదికి పోయింది. భర్త గొంతు నెల రోజులుగా ఇంట్లో ఎంత చిన్నబోయిందో ఆమెకంటే ఎవరికి తెలుసు? నాలుగు మగ్గాలూ ఆగాయి. ఇల్లు నిశ్శబ్దమైంది.

రేడియోలో మాత్రం అదే సన్నటి ఈల, మనిషి గొంతు లేదు.

సాఫ్ట్‌వేర్ మొత్తం పీకేసి మొదటినుంచీ ఎక్కించాను. నాలుగున్నరైంది. చెమటలు పట్టాయి. గుమ్మంలో నిలబడి వదిన రెండుసార్లు "ఇంక ఎయ్యొచ్చునా?" అని అడిగింది. రెండోసారి నేను విసుక్కున్నాను. మధ్యలో అన్న ఏదో చెప్పబోతే, "ఉండన్నా, తెర మీద నేను చూస్తున్నా కదా" అన్నాను. అలా అనేసిన మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు.

"నువ్వు సూసేది సూడు. నేను ఇన్నది సెప్తా" అన్నాడు. "నువ్వు వచ్చినప్పుడు మగ్గాలు ఆడతా ఉండాయి. ఈ సెట్లో సన్నగా ఈల. మగ్గాలు ఆపించినావు. అప్పుడూ అదే ఈల. నా పాత సెట్లో మగ్గం నడిస్తే చెవులు పగిలిపోతా ఉండె. పక్కగదిలో నాలుగు మోటార్ల గోలే దీనికి ఇనపడలేదంటే, మదనపల్లె యాడ ఇనపడతాది? నీ సాఫ్ట్‌వేర్ బాగనే ఉండాది మా. వైరు తగిలించిన తావు సూడు."

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్పే మొదటి పాఠం అది. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు, గోల పెరిగిందా తగ్గిందా అని మొదట వినాలి. రెండున్నర గంటలు గోల లేదన్న సంగతే గమనించకుండా, దాన్ని ఆపడానికి పండగ పూట ఒక ఇంటి మగ్గాలు ఆపించాను.

వైరు విప్పి ఆయన చేతికిచ్చాను. వైరు చివర ఉండే సూదిని వేలితో తడిమాడు. తరవాత పెట్టెను దగ్గరికి తీసుకుని, యాంటెన్నా దూర్చే రంధ్రంలో చూపుడువేలి గోరు పెట్టి గీకాడు. వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సందనం" అన్నాడు.

నా నోరు ఊరుకుంటుందా? "వదినా, పూజకని వైరుకు గంధం పూశావా?" అని అరిచాను.

వదిన గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మా ఇంట్లో మగ్గానికి పసుపు, కుంకం. సందనం పూసేది మీ ఆఫీసోళ్లే."

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం ల్యాబ్‌లో పూజ. మీటర్లు, సోల్డరింగ్ స్టాండ్లు అన్నిటికీ గంధం పెట్టి, కుంకుమ అద్ది, చివరికి ఈ పెట్టె దగ్గరికొచ్చాను. అన్న కోసం చేసినది కదా అని దీనికి ప్రత్యేకంగా, ముందువైపే కాక వెనకవైపు కూడా, నా చేతుల్తో నేనే మూడు వేళ్లతో గంధం రాశాను. బస్సులో అది రంధ్రంలోనే ఎండి గట్టిపడింది. సూది లోపల లోహాన్ని తాకడం లేదు. శుక్రవారం పనిచేసింది కాబట్టి ఆ రంధ్రంలోకి తొంగి చూడాలనే నాకు తోచలేదు.

"నేనే అన్నా" అన్నాను.

వదిన చీపురుపుల్లకు దూది చుట్టి తెచ్చింది. నా సంచిలో స్పిరిట్ ఉంది. గంధం కొద్దికొద్దిగా రాలింది. ఐదు ముప్పావుకు వైరు తిరిగి తగిలించాను. నీలం మీద పసుపు గీతలు ఒక్కసారిగా మొలిచాయి. స్పీకర్‌లోంచి ఎవరిదో గొంతు పడింది. అన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, చొక్కా కాలర్ సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా ఆరింటికి ఆయన మైకు నొక్కి నెట్ తెరిచాడు. అందరూ ఒక్కసారే మీదపడ్డారు. నా తెర మీద అదంతా కలగలిసిపోయిన ఒకటే లావుపాటి గీత. అన్న తల పక్కకు వంచి విన్నాడు. "మొదట శ్రీకాళహస్తి. తరవాత ఐరాల. పుత్తూరు, ఉండప్పా, జలుబు చేసినట్టుండాదే. తిరుమల. చివర్న మదనపల్లె" అని వరస కట్టేశాడు. ఒక్కరు తప్పిపోలేదు.

మదనపల్లె ఆయన తన వంతు వచ్చినప్పుడు, "అన్నా, ఇంక ఈ పని నువ్వే సూసుకో. నా వల్ల కాదు, నాలుగు వారాలకే తల దిమ్మెక్కిపోయినాది" అన్నాడు. తరవాత, "అవునూ, కొత్త సెట్టు మధ్యాన్నమే వస్తాదంటివే, ఏమైందని ఇంతసేపు?" అని అడిగాడు.

నేను వద్దు వద్దని అన్న చెయ్యి పట్టుకున్నాను. ఆయన నవ్వుతూ మైకు నొక్కాడు. "సెట్టుకేం రోగం లేదప్పా. పూజ ఎక్కువై చెవులు మూసుకోనుండాది" అన్నాడు. అటువైపు ఐదు ఊళ్లు నవ్వడం విన్నాను.

ఇప్పుడు ప్రతి ఆయుధపూజకూ ముందు రోజే నా సెట్లన్నిటి వెనకా ప్లాస్టిక్ మూతలు బిగిస్తాను. గంధం ఆ మూతలకే.

ఆరున్నరకు నెట్ ముగించి, అన్న వదినను పిలిచి, "ఇంక మగ్గం ఎయ్" అన్నాడు. పండగ వెళ్లిపోకముందే ఆమె ఒక్కొక్క స్విచ్చూ వేసింది. స్పీకర్‌లో చెవులు పగిలే గోల మొదలైంది. తెర అంచునుంచి అంచుదాకా పసుపు గీతలు. ఇంకో రోజైతే నేను చిరాకుపడి కట్టేసేదాన్ని. ఆ సాయంత్రం నేనూ ఆపలేదు, అన్నా తగ్గించమనలేదు.