పూజలో పెట్టిన గిటారు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎంత పాతబడిన వస్తువైనా సరే విప్పి, తుడిచి, నాలుగు కొత్త భాగాలు వేసి బిగిస్తే కొత్తదాన్ని మించిపోతుందని. (మనుషుల విషయంలోనూ అంతే అనుకునేవాణ్ణి, ముఖ్యంగా మా నాయన విషయంలో.) అప్పట్లో హిందూపురంలో ఒక మిక్సీల రిపేరు షాపులో పని. ఆ షాపు అటక మీద, బెంగళూరు నుంచి పాత సామాన్లతో పాటు వచ్చిన జపాన్ ఎలక్ట్రిక్ గిటారు ఒకటి పడి ఉండేది. నాకంటే వయసులో పెద్దది. రంగు పెచ్చులూడింది, తీగలు బిగించే బిరడాలు తుప్పుపట్టాయి, ఒక్క తీగా లేదు. "ఎత్తకపోప్పా, ఎలకలకైనా జాగా అయితాది" అన్నాడు ఓనరు. దాన్ని గోనెసంచిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ధర్మవరం రైలెక్కాను.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు, షాపుకు రోజూ రైల్లోనే పోయివచ్చేవాణ్ణి. నాయన పట్టుచీర నేసే గదిలోనే ఒక మూల నా వైద్యం మొదలైంది. మెడ మీద అరిగిపోయిన కమ్మీలు పీకి కొత్తవి కొట్టాను. బిరడాలు మార్చి కొత్త తీగలు కట్టాను. తీగల మోతను పట్టే పికప్పులు రెండూ చచ్చిపోయి ఉంటే, బెంగళూరు నుంచి మంచివి తెప్పించి, వేళ్ళు కాల్చుకుంటూ అతికించాను. ఇంత జరుగుతున్నా నాయన మగ్గం మీంచి తల తిప్పితే ఒట్టు. "కరెంటు లేకుంటే మూగది. నా మగ్గానికి యాల కరెంటు?" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు నన్ను "మావోడు చెక్కకు సేవ చేస్తాండాడు" అని పరిచయం చేసేవాడు. ఒకరోజు ఒళ్ళు మండి, "నీకు మగ్గమెట్లనో నాకిది అట్ల నాయనా! ఇదీ పనిముట్టే!" అని అరిచేశాను. ఆయన తెగిన పోగు ముడేసుకుంటూ "ఊహూఁ" అన్నాడు.

సరే, దాని మీద నేర్చుకున్న నాలుగు పాటలతో నిరూపించి చూపిద్దామనుకున్నాను. పెనుకొండలో ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డన్న దగ్గర గిటారు వాయించేవాడు మానేశాడని తెలిసి వెళ్ళి కలిశాను. "నవమి సాయంత్రం మన ప్రోగ్రాం ఉండాది. వచ్చి వాయించు. జనం లేచిపోకుంటే సీటు నీదే" అన్నాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. సీటు వచ్చాక ఆర్కెస్ట్రా వ్యానులో వీధి మొగదల దిగి, అప్పుడు నాయన మొహం చూడాలని నా ప్లాను. (దిగేటప్పుడు వేసుకోవాల్సిన నల్ల కళ్ళద్దాలు కూడా కొనిపెట్టుకున్నాను.)

మహర్నవమికి మా ఇళ్ళలో మగ్గం ఆడదు. కడిగి, బొట్లు పెట్టి ఆయుధపూజ చేస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును దశమి పొద్దున హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. నేను షాపులో పూజ ముగించుకుని, గిటారు తీసుకుపోదామని మధ్యాహ్నం ఇంటికొచ్చి గడపలోనే నిలబడిపోయాను. మగ్గానికి ఆనించి నా గిటారు! మెడలో చామంతిపూల దండ, ఒంటికి మూడు గంధం బొట్లు, కొత్త పికప్పుల నిండా కుంకుమ.

"ఎవరవ్వా ఈ పని చేసింది?" అన్నాను, వత్తులు చేసుకుంటున్న మా నాయనమ్మతో.

"మీ నాయనే. చెక్కకు పూజేందిరా అని నేనంటే, 'వాని పనిముట్టు అది, దాన్నొగదాన్నే ఎట్ల ఇడుస్తామమ్మా' అన్న్యాడు."

నాయన పంచె సర్దుకుంటూ దూలాల వంక చూస్తున్నాడు. అంతలో ఫోను మోగింది.

"యాడుండావబ్బా? స్టేజీ కూడా కట్టేసినారు" అన్నాడు కీబోర్డన్న.

దండ తీసి గిటారు లాక్కుని పరిగెత్తితే రైలు అందుతుంది, సీటూ వస్తుంది. కానీ అది పనిముట్టని ఇల్లెగిరిపోయేలా వాదించింది నేనే కదా!

"గిటారు పూజలో ఉండాదన్నా."

"సరేప్పా. దానికి బాగా కొబ్బరికాయ కొట్టుకో. నేను ఇంకొగర్ని చూసుకుంటా" అని పెట్టేశాడు.

"ఎవరురా?" అన్నాడు నాయన. "ఎవరో లే నాయనా, రాంగు నంబరు" అన్నాను.

దశమి పొద్దున హారతిచ్చి, గిటారును ఆయనే రెండు చేతులా ఎత్తి నా ఒళ్ళో పెట్టి, "ఊఁ, వాయించు" అన్నాడు. స్పీకరు పెట్టెకు వైరు తగిలించి స్విచ్చి వేశాను. కరెంటు లేదు. ఇప్పుడు తగులుతుంది చూడు ఆ పాత మాట, అని తల వంచుకున్నాను. మగ్గం అన్నివిధాలా సిద్ధంగా ఉంది, దానికి కరెంటుతో పని లేదు. నాయన మాత్రం దాని వైపు పోకుండా నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. "రానీలే. వచ్చినాకనే నేస్తా" అన్నాడు. కరెంటు మధ్యాహ్నానికి గానీ రాలేదు. అప్పటిదాకా ఆయన లేవలేదు.

కుంకుమ దూరినందుకేమో, ఆ గిటారు ఇప్పటికీ కాస్త గరగరమంటుంది. నేనిప్పుడు హిందూపురంలో గిటార్లే బాగుచేస్తున్నాను, కానీ దాన్ని మాత్రం విప్పలేదు. ఏటా నవమి రోజు ఎవరో ఒక కుర్ర కళాకారుడు, సాయంత్రం ప్రోగ్రాం ఉందని, రిపేరుకిచ్చిన తన గిటారు కోసం నల్ల కళ్ళద్దాలతో పరిగెత్తుకొస్తాడు. "పూజలో ఉండాదప్పా, రేపు రా" అంటాను, దూలాల వంక చూస్తూ.