నాలుగో నంబరు బిళ్ళ

వెనక వరండా గోడ జోలికి మాత్రం పోవద్దని మిస్త్రీకి చెప్పాలని రెండు రోజులుగా నోటిదాకా వస్తూనే ఉంది, కానీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. వంటగది పెద్దది చేయాలని ఏడాదిగా పోరింది నేనే, తీరా పని మొదలయ్యాక గోడ ముట్టుకోవద్దంటే పిచ్చిదనుకోడూ! మూడో రోజు పొద్దున సమ్మెట దెబ్బకి గోడలోంచి ఖంగుమని ఇనుప మోత వచ్చింది.

"దీదీ, అందర్ లోహా హై!" లోపల ఇనుముందని హిందీలో అరిచాడు మిస్త్రీ. ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. పెచ్చులు ఎగిరి అతని మోచేయి చీరేశాయి. నెత్తురు తుడుచుకోకుండానే చేత్తో మట్టి లాగాడు. తుప్పు పట్టిన రేకు పెట్టె బయటపడింది. తలుపు ఊడబీకితే లోపల చంటిబిడ్డంత రాగి తీగ చుట్ట, పిడి ఉన్న పాత స్విచ్చు, ఖాళీ పింగాణీ ఫ్యూజు గూళ్ళు. పైకి పోయే రెండు తీగల్ని ఎవరో కసిగా నరికేశారు. "బమ్ తో నహీ హై న?" అంటూ మిస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు.

బాంబు కాదు. మా నాన్న చేసిన కాపలా. ఉక్కు ప్లాంటులో కరెంటు పని ఆయనది, ఆ పని కోసమే ఈ హిందీ ఊరికి వచ్చాడు. వెనక సందులోంచి దొంగలు పెరటి గోడ దూకి సైకిలు ఎత్తుకుపోతే, ఆ కోపంలో గోడ పైన బోడి తీగ లాగాడు. మళ్ళీ దూకినవాడు మాడి చావాలని పెద్దగా అరిచి చెప్పాడు, సందంతా వినేలా. నాన్న కోపం అలాంటిది. ఇంట్లో అందరం ఆ కోపం రుచి చూసినవాళ్ళమే, దాన్నే పుణికిపుచ్చుకున్నది మాత్రం నేను.

ప్లాంటులో కరెంటు లైన్ మీద ఎవరు ఏ పని చేసినా వాళ్ళ నంబరు బిళ్ళ అక్కడ తగిలించాలి. ఎవరు ఆపారో, ఎవరు వేశారో అందరికీ తెలియాలి. ఆ రూలు నాన్న ఇంటికి కూడా తెచ్చాడు. అల్యూమినియం రేకు గుండ్రంగా కోసి నలుగురికీ నాలుగు బిళ్ళలు చేశాడు. ఆయనది ఒకటి, అమ్మది రెండు, అన్నయ్యది మూడు, నాది నాలుగు. పడుకునే ముందు అమ్మ ఈ పెట్టెలో ఫ్యూజు పెట్టి తన బిళ్ళ లోపలి కొక్కేనికి తగిలించేది. నైట్ షిఫ్టు దిగి వచ్చి నాన్న రెండూ తీసేసేవాడు. పగలు తీగలో ఏమీ ఉండేది కాదు. పిల్లలం పెట్టె ముట్టుకుంటే వీపు చీరేస్తానన్నాడు, మరి మాకు బిళ్ళలెందుకు చేశాడో ఆయనకే తెలియాలి.

నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పదహారు. అన్నయ్య బడి ఎగ్గొట్టి ఆ గోడ దూకి తిరుగుతున్నాడని నాన్నకి తెలిసింది. ఆ పొద్దున బెల్టు ఊడదీసి బకిల్ వైపుతో కొట్టాడు. అన్నయ్య చెవి తెగింది. "ఇంకోపాలి గోడెక్కినావంటే కరెంటెట్టి సంపీగలన్రా!" అని అరిచి, వెళ్ళి పడుకున్నాడు. అన్నయ్య నేరుగా సందులోకొచ్చి, నా స్నేహితులందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. నేనే చెప్పానని. చెప్పింది నేనే అనుకోండి, అయినా అందరి ముందూ కొడతాడా? వాడు మళ్ళీ గోడ దూకి పోయాడు. నోట్లో నెత్తురు మింగుతూ నేను పెట్టె దగ్గరికి వెళ్ళాను. స్టూలు వేసుకుని ఫ్యూజు పెట్టాను. తప్పు చేస్తూ కూడా రూలు తప్పలేదు చూడండి, నా బిళ్ళ కొక్కేనికి తగిలించాను.

మధ్యాహ్నం వాడు తిరిగొచ్చాడు. ఆ అరుపు ఇప్పటికీ ప్రెషర్ కుక్కర్ కూస్తే నాకు వినిపిస్తుంది. గోడ మీంచి ఎగిరి బట్టలుతికే బండ మీద పడ్డాడు. మాంసం కాలిన కంపు వచ్చింది. నాన్న లుంగీతో పరుగెత్తుకొచ్చి ఫ్యూజు లాగడం మంచం కింద నక్కి చూశాను. ఆసుపత్రిలో వాడి కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. "నువ్వే ఎట్టినావు!" అని వాడు నాన్న మీద ఉమ్మాడు. నాన్న తుడుచుకోలేదు. "అవున్రా, నేనే" అన్నాడు. పొద్దున ఫ్యూజు తీయడం మరిచిపోయానని ఆయన నిజంగానే అనుకుంటున్నాడనుకున్నాను. నా బిళ్ళ ఎక్కడో జారిపడి ఉంటుందని నన్ను నేను నమ్మించుకున్నాను. వెతుకుదామంటే పెట్టె లేదు. ఆ వారమే దాని మీద సిమెంటు పూసేశాడు.

అన్నయ్య ఇల్లు వదిలేశాడు. ఇప్పుడు ఊరవతల హథ్‌ఖోజ్‌లో వెల్డింగు షెడ్డు నడుపుతున్నాడు. నాన్న పోయినప్పుడు సమాధుల తోటకి రాలేదు, పిడికెడు మన్ను వేయలేదు. ఆయన లేని ఇంటికి మాత్రం వస్తాడు. ఆ రోజు కూడా కిటికీ గ్రిల్లు కొలత తీయడానికి వచ్చాడు, సరిగ్గా పెట్టె తెరిచి ఉన్నప్పుడు.

"ఇదేటే?" అన్నాడు. అంతలోనే గుర్తుపట్టాడు. ముఖం నల్లబడింది. మిస్త్రీని పక్కకి నెట్టి పెట్టెలో చెయ్యి పెట్టి కొక్కెం మీద మసి తుడిచాడు. "సూసినావా? ఒకటో నంబరు! మర్సిపోనాడని ఇన్నేళ్ళూ నాన్నని ఎనకేసుకొచ్చినావు కదే! బిళ్ళ తగిలించి మరీ ఎట్టినాడు. కన్నకొడుకుని సంపాలని ఎట్టినాడు!"

ఒకటో నంబరు వెనక ఇంకో బిళ్ళ అంచు కనిపిస్తోంది. వాడు చూడలేదు. నాన్నకి తెలుసు. నా బిళ్ళ చూశాడు, దాని మీద తన బిళ్ళ తగిలించుకుని సిమెంటు పూసేశాడు. నోరు మూసుకుంటే సరిపోతుంది, మిస్త్రీ సాయంత్రానికల్లా ఆ పెట్టెని పాత ఇనుము కొనే కబాడీకి ఇచ్చేస్తాడు. ఛీ, ఎంత సిగ్గులేనిదాన్ని! ఒక్క క్షణం నిజంగానే అలా అనుకున్నాను.

"దాని ఎనకాతలది కూడా తియ్యి అన్నియ్యా" అన్నాను.

తీశాడు. నాలుగు. "నువ్వా?" అన్నాడు.

"నేనే. నువ్వు నన్ను కొట్టినావని."

ఆ మూడు వేళ్ళూ నా చెంప మీద విడివిడిగా తెలిశాయి. నేను ఇటుకల మీద పడ్డాను. వాడు సమ్మెట అందుకున్నాడు. నా మీదికే అనుకుని కళ్ళు మూసుకున్నాను, తప్పుకోలేదు. దెబ్బలు పెట్టె మీద పడ్డాయి. పింగాణీ ముక్కలు వానలా రాలాయి, ఒకటి నా నుదురు కోసింది. "భయ్యా, బస్ కరో!" ఇక చాలంటూ మిస్త్రీ వెనక నుంచి నడుము పట్టుకున్నా వాడు ఆగలేదు. రాగి చుట్ట చితికి నేల మీద దొర్లేదాకా కొట్టాడు. అప్పుడు సమ్మెట జారవిడిచి, రొప్పుతూ, గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"నేనాయన మొకాన ఉమ్మినానే" అన్నాడు. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోవాలనిపించలేదు.

లేచాడు. నాలుగో నంబరు బిళ్ళ నా ఒళ్ళోకి విసిరికొట్టాడు. ఒకటో నంబరుది చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"సమాధుల తోటలో నాన్నని ఏ వరసలో ఎట్టినారు?"

"ఎడం పక్క, మూడో వరస" అని చెప్పాను.