చక్కెర సిస్టర్ చెప్పిన అబద్ధం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిన్న మధ్యాహ్నం దించేశాను. పొద్దున్నుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను, పొయ్యి మీద పాలు పొంగిపోయినా నవ్వే వచ్చింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. వినండి చాలు.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పసికందుల వార్డు నర్సుని నేను. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, కామెర్లు ముదిరినవాళ్లు మా దగ్గరికి వస్తారు. మాటిమాటికీ మడమలో సూది గుచ్చి రక్తం తీయాలి. నేను చేరిన కొత్తలో వార్డంతా ఏడుపే. 'పసిపిల్లలకు నొప్పేం తెలుస్తుందిలే' అనేవాళ్లు పెద్ద నర్సులు. తెలియదా! ఆ మొహం ఎర్రబడటం, ఆ పిడికిళ్లు బిగుసుకోవడం చూసినవాళ్లు ఆ మాట అనగలరా? నేను మొండిదాన్ని. సూదికి ముందు నాలుక మీద కాసిన్ని పంచదార నీళ్లు వేయడం, తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టడం పట్టుబట్టి అందరికీ అలవాటు చేశాను. వార్డు నెమ్మదించింది. తల్లులు నన్ను 'చక్కెర సిస్టర్' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు వింటే ఒళ్లు పొంగిపోయేది. అబద్ధమెందుకు, ఇప్పటికీ పొంగుతుంది.

అలాంటి రోజుల్లో వచ్చాడు అభి. బోయిగూడ పిల్లాడు, సరితకు తొలి కొడుకు. కామెర్లు ఎంత ముదిరాయంటే ఒంట్లో రక్తమే మార్చాల్సి వచ్చింది. ఎలాగో గట్టెక్కాడు. ఇక ఇంటికి పంపే ముందు చెవులకు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది సులువు, చెవిలో చిన్న గొట్టం పెడితే చెవి పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. అది బాగానే వచ్చింది. రెండోదానికి నుదుటి మీద, చెవుల వెనక గరుకు జెల్‌తో రుద్ది వైర్లు అంటించాలి. శబ్దం మెదడు దాకా పోతోందో లేదో చెప్పేది అదే. కామెర్లు ముదిరిన పిల్లల్లో ఒక్కోసారి చెవి భేషుగ్గా ఉండి, దాని వెనక నరం దెబ్బతింటుంది. చప్పుడు వినిపిస్తుంది, మాట మాత్రం స్టేషన్ కుదరని రేడియోలా గరగరమంటుంది. ఇదంతా అప్పటికే నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదని చెప్పడానికే మీకింత వివరం.

ఆ రోజు 'ఏడుపు లేని వార్డు'గా పేరొచ్చిన మా వార్డును చూడటానికి వేరే ఆసుపత్రుల నుంచి డాక్టర్లు వస్తున్నారు. నేను అభి నుదురు రుద్దడం మొదలుపెట్టానో లేదో, వార్డు దద్దరిల్లేలా కేక పెట్టాడు. అన్ని సూదులు తిన్నవాడు, చెయ్యి వేస్తే చాలు బెదిరిపోయేవాడు. పాలు పట్టించి, నిద్రపోయాక మెల్లగా చేస్తే సరిపోయేది. కాసేపు ఆగితే చాలు. ఆగలేదు. మొదటి పరీక్ష బాగుంది కదా, మళ్లీ వీడికి ఈ నొప్పి దేనికి అనుకున్నాను. జెల్ తుడిచేసి తల్లి చేతికిచ్చాను.

"రెండో టెస్ట్ సుత అయిందా సిస్టర్?" అని అడిగింది సరిత.

"అయిందమ్మా. చెవులు బంగారంలా ఉన్నాయి" అన్నాను.

డాక్టరు గారికీ అదే చెప్పాను. నా మాటంటే ఆయనకు గురి.

పిల్లాడి మీద జాలితో చేశానా, నా పేరు కోసం చేశానా? ఇన్నేళ్లూ జాలి అనే నాకు నేను చెప్పుకున్నాను. జాలే అయితే అబద్ధం దేనికి? 'ఏడుస్తున్నాడు, రేపు చేద్దాం' అంటే నా నోరు పడిపోయేదా?

ఏడాదిన్నర వయసులో అభిని టీకాకని తీసుకొచ్చింది సరిత. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడతాడట, పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకడట, ఒక్క మాటా రావడం లేదట. చెవుల డాక్టరుకు చూపించమని ఇంట్లో పోరుతుంటే, సిస్టర్ పరీక్ష చేసింది కదా అని తనే వాళ్ల నోళ్లు మూయిస్తోందట. వింటుంటేనే నాకు విషయం అర్థమైపోయింది. మరి నోరు తెరిచానా? 'మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే' అన్నాను. మొదటిది పొరపాటని ఎవరైనా సర్దుకుంటారేమో. రెండోదాన్ని ఏమనాలి?

మూడేళ్లు దాటాక వేరే చోట ఎవరో డాక్టరు కనిపెట్టారు. ఆపరేషన్ చేసి చెవి లోపల పరికరం పెట్టారని, మాటలు నేర్పిస్తున్నారని తెలిసింది. నేను ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి దేవుడికి ఒప్పుకుంటూ వచ్చాను. దేవుడికి చెప్పడం తేలికండీ. ఆయన సరిత మొహంతో చూడడు కదా.

నిన్న వార్డు తలుపు దగ్గర సరిత నిలబడి ఉంది. చేతిలో మిఠాయి డబ్బా. పక్కనే అభి, చెవి వెనక నల్లటి చిన్న యంత్రం.

"చెప్పురా, సిస్టర్‌కు చెప్పు."

"చక్కెర సిస్టర్! నేను స్కూల్ల పాట పాడిన" అన్నాడు వాడు.

ఓరి నా తండ్రీ! గంతులేశానంటే నమ్మండి, ఈ వయసులో, యూనిఫారంలో! వాణ్ని ఎత్తుకుని గిర్రున తిప్పాను. సరిత నవ్వుతూ డబ్బా నా చేతిలో పెట్టింది. "పానం పెట్టి చూసుకున్నరు సిస్టర్. అందుకే ముందుగాల మీ దగ్గరికే వచ్చిన" అంది.

ఎప్పుడైనా చెబితే ఏడుస్తూ చెబుతానని అనుకునేదాన్ని. కాదు, ఆ సంతోషమే నన్ను ముందుకు తోసింది. వాణ్ని కిందికి దించి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "సరితా, ఆ రెండో పరీక్ష నేను చేయలేదమ్మా. చేశానని అబద్ధం చెప్పాను. టీకాకి వచ్చినప్పుడే నాకు అర్థమైంది. అప్పుడూ చెప్పలేదు."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. అర్థమవుతున్న కొద్దీ మెల్లగా పోయింది.

"పిలిస్తే పలుకుతలేడని కొట్టిన సిస్టర్" అంది. "చెవులు మంచిగున్నయ్, కావాలనే మొండి చేస్తుండని కొట్టిన. శానాసార్లు."

క్షమించమని అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆమె నా చేతిలోంచి మిఠాయి డబ్బా తీసేసుకుంది. మెట్ల దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండానే "అభీ" అని పిలిచింది. గట్టిగా కూడా కాదు. నా పక్కన నిలబడి వార్డులోని యంత్రాల మీది దీపాలు చూస్తున్నవాడు వెంటనే అటు తిరిగి పరిగెత్తాడు.

సాయంత్రం డాక్టరు గారికీ చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. సరిత మళ్లీ మా వార్డు గుమ్మం తొక్కదు. అయినా ఆ డబ్బా ఆమె తీసుకుపోయినందుకు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆరేళ్లలో మొదటిసారి, నాది కానిదేదీ నా చేతిలో లేదు.