అరవై ఆరు గులాబీ చీటీలు

మా వదిన పదిహేడేళ్లు తిట్లు తిని జీతం తెచ్చింది. ఈ మాటంటే ఆవిడకి కోపం. తిట్లు కాదు, ఫిర్యాదులు అంటుంది. కార్డ్‌లెస్ ఫోన్లు తయారుచేసే కంపెనీలో, మేడమెట్ల కింద గదిలో, చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. ఫోన్ చేసినవాళ్లని అయిదు ప్రశ్నలు అడగాలి. వాళ్లు చెప్పింది గులాబీరంగు చీటీ మీద రాయాలి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనాలి. అవతలివాళ్లు పెట్టేసేదాకా ఫోన్ పెట్టకూడదు. ఒకాయన ఫోన్ కింద పెట్టడం మరిచిపోయి నిద్రపోతే, ఆయన గురక నలభై నిమిషాలు విన్నదట.

అంత ఓపికా అక్కడే ఖర్చయిపోయేది. ఇంటికొచ్చేసరికి ఆవిడ దగ్గర మాటలు మిగిలేవి కావు. ఉప్పు కావాలన్నా వేలితో చూపించేది. "కోడల్ని తెచ్చుకున్నానా, గోడని తెచ్చుకున్నానా" అని మా అమ్మ గోడతోనే చెప్పుకునేది. అమ్మ మాటల మనిషి. వినేవాళ్లు లేక పాలవాడిని గుమ్మంలో అరగంట నిలబెట్టేది.

అలాగని వదినని ఎవరమూ ఏమీ అనలేం. ఇల్లు గడిచేది ఆవిడ జీతం మీద. మా అన్నయ్య డ్రైవింగ్ నేర్పేవాడు. చూపు మందగించి, నేర్చుకునేవాళ్లే ఆయనకి ఎదురొచ్చే లారీల గురించి చెప్పడం మొదలుపెట్టాక మానేశాడు. నాది కళ్లజోళ్ల దుకాణం. అన్నకి మూడు జోళ్లు నేనే చేసిచ్చాను. ఒక్కటీ పనికిరాలేదు. నా దుకాణం సంగతి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వదిన పనిచేసే కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయనకి దుకాణదారుల మాట మీద నమ్మకం లేదు. సరుకు అటక మీద పెట్టి అమ్ముడుపోయిందని చెప్తారని ఆయన అభిప్రాయం. ఆయన లెక్క వేరు. వంద ఫోన్లు అమ్మితే మూడు ఫిర్యాదులు వస్తాయి. ముప్ఫై ఏళ్లుగా అంతే, రెండూ కాదు, నాలుగూ కాదు. అందుకని ప్రతి సోమవారం ఉదయం అందరినీ నిలబెట్టి, ఆ వారం వచ్చిన గులాబీ చీటీలన్నీ తానే పైకి చదివేవాడు. చీటీల్ని మూడుతో భాగించి వందతో హెచ్చవేస్తే అమ్మకం. జనం అబద్ధమాడితే మెచ్చుకోవడానికి ఆడతారు గానీ తిట్టడానికి ఎందుకు ఆడతారు అనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది.

ఇళ్లలో ఫోన్లు మూలపడ్డాయి. హోటళ్లు, ఆసుపత్రులు మాత్రం ఇంకా కార్డ్‌లెస్‌లు కొంటుంటే ఆ అన్నం రెండువందల మంది తింటున్నారు. అలాంటి సమయంలో పెద్దాయనకి స్మార్ట్‌ఫోన్ తయారుచేయాలని బుద్ధి పుట్టింది. అప్పటికి ఆయన గేటు దగ్గర కాపలాదారు చేతిలోనే రెండు స్మార్ట్‌ఫోన్లున్నాయి. మూడోది వాళ్లావిడ దగ్గర ఉంది. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా అని ఎవరో అంటే, "ఆలస్యంగా వచ్చినవాడికి ముందొచ్చినవాళ్ల తప్పులన్నీ కనిపిస్తాయి" అన్నాడట. కనిపించాయి కూడా. ఆ తప్పులేవీ చేయకుండా మూడేళ్లు కూర్చుని చేశాడు. ఈలోగా అందరూ ఆ తప్పులు దిద్దేసుకున్నారు.

ఫోన్ మాత్రం గట్టిది. బల్ల మీంచి పడితే బల్ల గురించి కంగారుపడాలి. ఉద్యోగుల ఇంటికి రెండేసి కోటాగా ఇచ్చారు. మా ఇంట్లో ఒకటి అమ్మకి, ఒకటి నాకు. ఫిర్యాదుల గదిలో నాలుగు సీట్లని పన్నెండు చేశారు. కొత్తవాళ్లొచ్చారు, గోడకి సున్నం వేశారు, గులాబీ చీటీల కట్టలు బీరువా నిండా దించారు.

ఫోన్ మోగలేదు.

కార్డ్‌లెస్‌ల మీద అడపాదడపా వచ్చేవి వదిలేస్తే, మొదటి నెలలో నాలుగు కాల్స్ వచ్చాయి. అందులో మూడు రాంగ్ నంబర్లు, నాలుగోది టైమెంతయిందని. పన్నెండుమంది చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ పైన మేనేజరొకడు రూలు పెట్టాడు. శుక్రవారం నాటికి ఎవరి పేరు మీద తక్కువ చీటీలుంటే వాళ్ల సీటు తీసేస్తారు. కొత్తా పాతా తేడా లేదు. ఇద్దరు పోయారు. వదిన అన్నం దగ్గర కూర్చుని చేత్తో కెలికి లేచిపోవడం మొదలైంది. అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండేవాడు. తుడిస్తే కనిపించే చూపు కాదది.

నాకు అతితెలివి ఎక్కువ. మర్నాడు వదిన వెళ్లాక అమ్మ చేత వదిన సీటు నంబరుకే ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టి పక్కనే కూర్చున్నాను.

"నమస్కారం. మీ ఫోనుకి వచ్చిన ఇబ్బందేమిటో చెప్పండి."

"వేడెక్కుతోందమ్మా."

వదిన అత్తగారి గొంతు పోల్చుకునే ఉంటుంది. కానీ కాల్స్ అన్నీ రికార్డవుతాయి. ఎరగనట్టే అడిగింది. "ఎంతసేపు వాడితే వేడెక్కుతోందండీ?"

"వాడక్కర్లేదు. చూస్తేనే ఎక్కుతోంది."

"ఎక్కడ పెడుతున్నారండీ?"

"పొయ్యి పక్కన. ఎక్కడ పెడతానో నీకు తెలీదా?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

అమ్మ ఫోన్ దగ్గరకి లాక్కుంది. పద్నాలుగేళ్ల కాపురంలో కోడలు తనకి చెప్పిన మొదటి క్షమాపణ అది. ఇక ఆవిడని ఆపడం నా వల్ల కాలేదు. మోకాళ్ల నొప్పి చెప్పింది. పెద్దకొడుకు పిలిస్తే పలకడని చెప్పింది. చిన్నవాడికి పెళ్లి కాలేదని, అవుతుందనే నమ్మకం కూడా లేదని నేను పక్కనుండగానే చెప్పింది. వదిన అన్నిటికీ "అలాగాండీ", "అప్పుడేమైందండీ" అంటూనే ఉంది. నలభై నిమిషాలకి మా అమ్మే ఫోన్ పెట్టేసింది. గొంతు ఎండిపోయి.

సాయంత్రం వదిన చెప్పులు విప్పకుండానే నా మీదకొచ్చింది. "నీకు బుద్ధుందా? నా చేత దొంగచీటీ రాయించావు."

"ఫోన్ వచ్చింది, రాశావు. ఇందులో దొంగతనమేముంది?"

"రేపట్నుంచి చేయొద్దు."

కానీ ఆ శుక్రవారం ఒక్క చీటీ కూడా లేనావిడ సీటు పోయింది. ఆవిడకి ఇద్దరు పిల్లలు. వదిన సీటు ఉండిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి వదిన నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఆవిడ చేసిన తప్పని నా ఉద్దేశం. సగం నాది.

అమ్మ రోజూ పదకొండింటికి స్నానం చేసి, తల దువ్వుకుని మరీ ఫోన్ చేసేది. రోజుకొక రోగం ఫోనుకి, నాలుగు తనకి. విచిత్రమేమిటంటే, కొన్నాళ్లకి భోజనాల దగ్గర వదినతోనే, "కంపెనీలో ఒకమ్మాయి ఉందమ్మా, ఎంత బాగా మాట్లాడుతుందో! ఆ పిల్లని చూసి నేర్చుకో" అనడం మొదలుపెట్టింది. మొదట్లో ఎకసెక్కమనుకున్నాను. తర్వాత తర్వాత, నిజంగానే వేరే పిల్లనుకుంటోందేమోనని అనుమానమొచ్చింది. వదిన పప్పు వడ్డించి వెళ్లిపోయేది.

ఇలాంటి తెలివి నాకొక్కడికే ఉంటుందనుకోవడం నా పొరపాటు. అందరి పేరు మీదా చీటీలు పడేసరికి కోత తొమ్మిది సీట్ల దగ్గర ఆగింది, ఆ తొమ్మిది ఇళ్లలోనూ మరుదులో, మేనత్తలో, తోడికోడళ్లో ఉన్నారు. అందరికీ రెండేసి ఫోన్లున్నాయి. ఒక సోమవారం పెద్దాయన చేతికి కొత్త ఫోన్ మీద అరవై ఆరు చీటీలు వచ్చాయి.

అక్కడ జరిగింది వదిన చెప్పలేదు. పక్కసీటావిడ కళ్లజోడు పుల్ల విరిగి నా దుకాణానికొచ్చినప్పుడు చెప్పింది. పెద్దాయన అరవై ఆరూ నిలబడి చదివాడట. వేడెక్కుతోంది, చల్లబడుతోంది, చేతిలోంచి జారుతోంది, చేతికి అంటుకుంటోంది. చదివేకొద్దీ ఆయన మొహం వెలిగిపోయిందట. "వారంలో రెండువేల రెండువందలు!" అన్నాడట. జనం తిడుతున్నారు, అంటే కొంటున్నారు. వచ్చే సోమవారం కార్డ్‌లెస్ మెషీన్లు పాత ఇనుముకి పంపేస్తున్నాం, ఆ హాలంతా కొత్త ఫోనుకే అని అక్కడికక్కడే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిదిమంది కాస్త ఆలస్యంగా కొట్టారు.

ఆ వారమంతా వదిన ఖాళీ దొరికినప్పుడల్లా ఎవరికో ఫోన్లు చేస్తూ కూర్చుందట. శనివారం ఇంటికొచ్చి అన్నయ్యని అడిగింది. "నా ఉద్యోగం పోతే ఏం చేద్దాం?"

అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. చూడటం గురించి ఆయన చెప్తే నవ్వు రావాలి. ఎవరికీ రాలేదు.

సోమవారం పెద్దాయన చీటీలు చేతిలోకి తీసుకోగానే వదిన ముందుకొచ్చి నిలబడింది. "అవి చదవకండి. అన్నీ మా ఇళ్లవాళ్లవే. చీటీల మీద ఫోన్ పెట్టె నంబర్లు చూడండి, అన్నీ ఉద్యోగుల కోటాలోవి. ఇప్పటిదాకా నేను పంతొమ్మిది రాశాను, మా అత్తగారివి."

పెద్దాయన ఒక చీటీ తిప్పి చూశాడు. ఇంకోటి చూశాడు. "ఫోన్లో లోపం లేదా?"

"లేదండీ."

"మరి బయట ఎవరూ కొనలేదా?"

"నలభై దుకాణాలకి ఫోన్ చేసి అడిగానండీ. పద్నాలుగుమంది కొన్నారు."

"వాళ్లు ఒక్కరూ ఫోన్ చేయలేదే?"

"బాగానే పనిచేస్తోందండీ."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడట. "ఎన్నేళ్లకో మళ్లీ జనం మనల్ని తిడుతున్నారనుకున్నానమ్మా. వారం రోజులు ఎంత సంతోషంగా ఉన్నానో" అన్నాడట. కళ్లజోడు తీసుకుంటూ ఆ పక్కసీటావిడ ముక్కు చీదుకుంది.

కార్డ్‌లెస్ మెషీన్లు కదల్లేదు. రెండువందల మందీ ఉన్నారు. కొత్త ఫోన్ ఆపేశారు, ఫిర్యాదుల గది మూసేశారు. కార్డ్‌లెస్ ఫిర్యాదులు ఇకమీదట గేటు దగ్గర కాపలాదారు రాసుకుంటాడు. తప్పుడు చీటీ రాసినవాళ్లకి చోటు లేదన్నది పెద్దాయన ఎప్పుడో పెట్టిన రూలు. ఆయన దాన్ని మార్చలేదు, వదినా అడగలేదు.

మర్నాడు వదిన ఇంట్లోనే ఉంది. పదకొండింటికి అమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. వదిన వంటింట్లో బియ్యం ఏరుతోంది. అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఆవిడ పక్కన చతికిలబడింది.

"ఆ పిల్ల ఉద్యోగం తీసేశారుటమ్మా" అంది.

"అవునత్తయ్యా."

"మంచి పిల్ల. నేనంటే ప్రాణం దానికి."

వదిన బియ్యం చేట పక్కన పెట్టింది. పదిహేడేళ్లలో ఎన్ని తిట్లు తిన్నా ఏడవనిది, అప్పుడు ఏడ్చింది. అమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, ఏమైందమ్మా చెప్పు, నిదానంగా చెప్పు, వింటున్నాను అంది.