పెంటయ్యకు ముందు పుట్టినవాళ్లు

1967లో నన్ను బోధన్ ప్రాంతంలో ఒక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటరుగా వేశారు. మంత్రసానులు తెచ్చే జననాల లెక్క సరిచూసి నెలనెలా నిజామాబాదుకు పంపడం నా పని. రిజిస్టరులో చివరి గడి పుట్టుకతో వచ్చే లోపాలది. ఏ నెల చూసినా అందులో 'లేవు' అనే ఉండేది. ఇన్ని ఊళ్లలో ఒక్క బిడ్డకూ లోపం లేదంటే నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?

ఆ రోజులు తలుచుకుంటే ముందుగా వాసనే గుర్తొస్తుంది. చెరుకు ఆడే నెలల్లో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన మంచులో కలిసి కాలువ గట్టు మీద నా వెంటే వచ్చేది. తెల్లటి చెరుకు పూల వెనక ఊళ్లు ఉన్నట్టూ లేనట్టూ కనిపించేవి.

అట్లాంటి ఒక పొద్దున, వర్ని దగ్గరి ఒక ఊళ్లో సాయవ్వ అనే నిండు గర్భిణిని చూడబోయాను. ఆమె మూడేళ్ల కొడుకు పేరు పెంటయ్య. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, చాటలో ఎత్తుకొచ్చి ఆ పేరు పెడతారు. మరి ముందువాళ్లేరి? వాడే తొలుచూరని అత్త తేల్చేసింది.

అత్త పసుపు ఎండబోయడానికి పోయాక సాయవ్వ నోరు విప్పింది. ముందు ఇద్దరు ఆడపిల్లలు వెన్ను తెరుచుకుని పుట్టి పూటలోనే పోయారట. రెండో బిడ్డకు తల పెద్దదై కాన్పు కష్టమైందట. మళ్లీ అట్లయితే తల్లి దక్కదని మంత్రసాని అప్పుడే చెప్పిందట. బయటపడితే పెళ్లికాని తన కూతురికి సంబంధాలు రావని అత్త దాచిపెట్టింది.

"గాల్లను గూడ నేనే గన్న గద అక్కా. ఎవ్వలు అడగకపాయె," అంది.

ఆసుపత్రి చీటీలో నిజం రాస్తే అత్త సాయవ్వను బండెక్కనీయదు. 'కాళ్ల వాపు' అని రాసి, పెద్దాసుపత్రికి నేనే వెంట తీసుకెళ్లాను. ఎన్నో కాన్పని అక్కడి నర్సు అడిగింది. అత్త రెండోదంది. సాయవ్వ తల దించుకునే ఉంది.

"నాలుగోది," అంది.

డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. ఈ బిడ్డకూ వెన్ను తెరుచుకునే ఉంది. మూడు రోజులే బతికింది. తల్లి దక్కింది.

"రాస్కో అక్కా. గంగ అని పేరు బెట్టిన," అంది సాయవ్వ. ఆ నెల చివరి గడిలో 'లేవు' బదులు గంగ పేరు రాశాను.

తర్వాత నా కింద పనిచేసినవాళ్లందరికీ ఒకటే చెప్పాను: ముందు ఇంట్లో పిల్లల పేర్లు అడగండి, రిజిస్టరు తర్వాత తెరవండి.