ఇది మీకు రాదండీ

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీకి వెళ్ళిపోతే నాకు పొద్దుపోయేది కాదు. అందుకని స్కాట్లండ్ ఉన్నిబట్టలు అమ్మే ఓ కొట్లో పనికి కుదిరాను. అక్కడ టార్టన్ అని గళ్ల బట్ట ఉండేది. ఒక్కో వంశానికి ఒక్కో తీరు గళ్లు. ఏ ఇంటిపేరుకి ఏ గళ్లో చూడ్డానికి కౌంటర్ మీద లావుపాటి పుస్తకం ఉండేది. ఓహో, మన గోత్రాల వ్యవహారమేనన్నమాట అనుకున్నాను. అది తెరిస్తే చాలు, పెళ్ళిసంబంధాలు తేల్చే పెద్దమనిషినైనట్టు నాకు ఎక్కడలేని గీర వచ్చేది.

ఓ నవంబరు మధ్యాహ్నం యాభై దాటిన ఒకావిడ వచ్చి, ఎరుపూ ఆకుపచ్చా గళ్ల శాలువా భుజాన వేసుకుని చూసుకుంది. ఇంటిపేరు అడిగి పుస్తకంలో వెతికాను. లేదు.

"ఇవి మా ఆయన వాళ్ళ గళ్లు. ఇరవై రెండేళ్ళు కలిసున్నాం. నిన్న పోయాడు. ఎల్లుండి చర్చిలో ఆడపడుచులంతా ఇవే వేసుకుంటారు. నేనూ వేసుకుని వాళ్ళ పక్కన కూర్చోవాలి," అంది.

"పెళ్ళయిందా?" అన్నాను. నా నోరు పడిపోను.

"లేదు."

"అయితే ఇది మీకు రాదండీ."

పెళ్ళయితేనే కదా ఆడదాని గోత్రం మారేది! నాకు తెలిసిన లోకం అంతే. ఆవిడ శాలువా మడత పెట్టి, థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది.

సాయంత్రం ఓనరొస్తే గొప్పగా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "ఏది కొనాలో తెలియనివాళ్ళ కోసం పెట్టిన పుస్తకం అది. ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చు. కాదనడానికి మనమెవరం?" అన్నాడు.

ఆవిడ అడ్రసు తెలియదు. ఆ గళ్లు ఏ ఇంటిపేరువో పుస్తకంలో చూసి, ఆ పేరు కోసం పేపర్లో చావు ప్రకటనలన్నీ వెతికి చర్చి పట్టుకున్నాను. శాలువా తీసుకుని వెళ్ళేసరికి ప్రార్థన సగమైంది. ఆవిడ ఆఖరి బెంచీలో గోధుమరంగు కోటుతో ఒక్కతే కూర్చుంది. పక్కన కూర్చుని శాలువా ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"తప్పు నాదే. ఎవరైనా వేసుకోవచ్చట," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆవిడ నా చెయ్యి నిమిరింది. "మొన్న మీ కొట్లోంచి ఇంటికెళ్ళాక, పెద్ద ఆడపడుచు నాకోసం ముందు బెంచీలో చోటుంచానని ఫోన్ చేసింది. అది నాకు రాదని నేనే చెప్పేశాను," అంది.